మూడో క్యాసెట్

మేడమీద గది,
మే 2

బావకి,

మొన్నటితో నా ఉద్యోగం అయిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లు. ఆఖరి రోజు ఎనిమిదో తరగతి వాళ్ల పేపర్లు పంచేసి, సైన్సు గది బీరువా తాళాలు హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి సైకిలెక్కుదామనుకున్నాను. సన్మానం వద్దన్నా చేశారు. నా గురించి మాట్లాడిన నలుగురిలో ఇద్దరు నన్ను లెక్కల మాస్టారనుకుంటున్నారని తేలింది. సరిదిద్దుదామని లేచి, ఎందుకులే అని మళ్లీ కూర్చున్నాను.

ఈ ఉత్తరంతో పాటు బస్సు పార్సిల్లో గిటారు పంపిస్తున్నాను. నువ్వు చేసిచ్చిందే. ఇన్నాళ్లూ బీరువా మీద పడి ఉంది. బతికించగలవేమో చూడు.

సంగతేమిటంటే, నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతి ఇక్కడి గ్రంథాలయం హాలు వ్యవహారాలు చూస్తోంది. నూట ఇరవై కుర్చీలు. ఎప్పుడో వానపాము పాఠం మధ్యలో నేను పాడిన రెండు ముక్కలు దానికి ఇంకా గుర్తున్నాయట. నవంబరులో ఓ సాయంత్రం పాడమంటోంది. పన్నెండు పాటలు, అన్నీ సొంతవే ఉండాలి. అక్టోబరు పదో తారీకులోగా అవునో కాదో తేల్చమంది.

రోడ్లు వేసేవాళ్లూ మూటలు మోసేవాళ్లూ పాడుకునే బాణీల్లో మనం పాటలు కట్టిన రోజుల్లో నువ్వొక మాటన్నావు. "నీ పాటల్లో బాణీ ఉందిరా, మనుషులు లేరు" అని. ఆ మరుసటి వారమే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. నిన్ను తప్పు పట్టడం లేదు. నిజమే చెప్పావని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. నీ చెవి మీద ఉన్న నమ్మకం నాకు నా గొంతు మీద లేదు. కాబట్టి సూటిగా చెప్తున్నా. కొత్తగా కట్టిన పాటలు క్యాసెట్లో పంపుతాను. నువ్వు బాగున్నాయంటే పాడతాను, లేదంటే ఆ అమ్మాయికి వద్దని చెప్పేస్తాను. మొహమాటపడకు.

అక్కని అడిగానని చెప్పు.

నీ బామ్మర్ది

*

షాపు,
మే 19

మాస్టారికి,

గిటారు చేరింది. దాని పొట్టలో రెండు సుద్దముక్కలు, ఎండిపోయిన బల్లి ఒకటి, ఎవడిదో సెలవు చీటీ దొరికాయి. "నాకు జ్వరముగా ఉన్నందున" అని మొదలైంది. ఆ పిల్లాడికి ఈపాటికి పిల్లలుండి ఉంటారు. ఇంతకీ సెలవిచ్చావా లేదా?

మెడ వంగింది. ఆవిరి పట్టి, పలకకి కట్టి, పదిరోజులు ఉంచాలి. తీగలు బిగించే బిరడాలు రెండు తిరగనని మొండికేశాయి, కొత్తవి వేస్తాను. వెనక చెక్క చీలింది. అతుకు కంటికి కనపడదు, వేలితో తడిమితే మాత్రం తెలుస్తుంది. పాత తీగ ఒకటి బిగించి, పొట్ట మీద గడ్డం ఆనించి మీటి చూశాను. ప్రాణం ఉంది.

షాపుకి ఫోన్ చెయ్యకు. పక్కన రంపం మిషను పెట్టారు, ఒక్క ముక్క వినపడి చావదు. ఏదున్నా ఉత్తరం రాయి.

అప్పటి మాట ఇంకా మోస్తున్నావా? కోర్టులో అప్పులకే కాలదోషం పడుతుంది, నా నోటికి పట్టదా? సరే, పంపు. వింటాను.

వంట నువ్వే చేసుకుంటున్నావా, బయట తింటున్నావా అని మీ అక్క అడగమంది. పెళ్లి చేసుకోనివాడికి డెబ్బై ఏళ్లొచ్చినా ఈ ప్రశ్న తప్పదు.

బావ

*

మేడమీద గది,
జూన్ 21

బావకి,

వంట నేనే చేసుకుంటున్నాను. తిన్నవాడు బతికే ఉన్నాడని అక్కకి చెప్పు.

గిటారు చేతిలోకి తీసుకుంటే చిన్నప్పటి స్నేహితుడు గడ్డం గీయించుకుని వచ్చినట్టుంది. నా వేళ్లే దానికి కొత్త. మొదటి వారం మూడు వేళ్లు బొబ్బలెక్కాయి. ఇప్పుడు కాయలు కాశాయి, నొప్పి లేదు.

వీధి చివర టీ కొట్టులో శనివారం సాయంత్రాలు ఒక మూల కూర్చుని పాడుతున్నాను. జనం ఉన్నచోట అలవాటు కావాలి కదా అని. మొన్న ఒకాయన పాట మధ్యలో పక్కవాడితో గట్టిగా మాట్లాడుతుంటే, "ఏయ్, చివరి బెంచీ!" అనేశాను. పాపం ఆయన లేచి నిలబడ్డాడు. టీ కొట్టు ఓనరు మర్నాడు నాకు వేరే చోటు చూసుకోమని చెప్పబోయి, ఆయన కూడా నా దగ్గర చదువుకున్నవాడే కావడంతో మింగేశాడు.

పాట మొదలుపెట్టే ముందు అది దేని గురించో వివరించే జబ్బు కూడా ఉంది. నిన్న ఇస్త్రీ చేసే ఆవిడ మీద కట్టిన పాటకి ముందు ఆవిరి, తేమ, బట్ట నూలుపోగుల సంగతి ఐదు నిమిషాలు చెప్పానట. వినేవాళ్లు టీ చల్లారబెట్టుకుని కూర్చున్నారు.

మొదటి క్యాసెట్ పంపిస్తున్నాను. ఇస్త్రీ పాట, రోడ్డు రోలరు డ్రైవరు పాట, బడి గంట కొట్టే అతని పాట. ఇస్త్రీ పాట పల్లవి ఇది:

చొక్కా నీది, ముడత నీది,
బొగ్గుల వేడి నాదయ్యా.

మనుషులున్నారో లేదో నువ్వే చెప్పాలి.

నీ బామ్మర్ది

*

షాపు,
జూలై 8

మాస్టారికి,

విన్నాను. రెండుసార్లు.

ఇస్త్రీ పాటలో రెండో చరణం ఆఖర్న నువ్వు ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడుతోంది. అక్కడ మాటలెక్కువయ్యాయి. రెండు తీసెయ్. పల్లవి మాత్రం ముట్టుకోకు. ఆ "నాదయ్యా" దగ్గర గొంతు వణకలేదు చూడు, అదే మంచిది. వణికించి ఉంటే జాలి పాటయ్యేది.

రోలరు డ్రైవరు పాట ఇంకా బాగుంది. రోజంతా తిరిగినా ఆమడ దూరం కూడా వెళ్లనివాడి గోల అది. "ముందుకి, వెనక్కి" అంటూ గొంతు తగ్గించుకుంటూ పోయావే, అక్కడ మీ అక్క చేతిలో గరిటె కింద పెట్టేసింది. మనుషులున్నార్రా. ఈసారి ఉన్నారు.

గంట పాట బాగుంది.

మిగతావి కానీ.

బావ

*

మేడమీద గది,
జూలై 24

బావకి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్తే నవ్వుతావు. మెట్ల మీదే చదివి, గదిలోకొచ్చి చదివి, స్టవ్ మీద పాలు పొంగించి, తుడుస్తూ మళ్లీ చదివాను. ఆ ఊపిరి చప్పుడు నాకు తెలియనే తెలియదు. తిరగేసి వింటే నిజంగానే ఉంది. రెండు మాటలు తీసేశాను, చరణం తేలికైపోయింది. అందుకే అన్నాను, నీలాంటి చెవి ఇంకొకటి లేదని.

హాలు అమ్మాయి మొన్న కనపడి, "ఏం నిర్ణయించుకున్నారు మాస్టారూ?" అంది. మా బావ మాట రావాలన్నాను. "ఆయన జడ్జీనా?" అంది. అంతకంటే ఎక్కువన్నాను.

రెండో క్యాసెట్ పంపిస్తున్నాను. నాలుగు పాటలున్నాయి. రెండోది మా నాయనమ్మ రోకలి దంపుతూ తీసిన రాగంలో కట్టాను. మూడోదాని మీద నాకు అనుమానంగా ఉంది. ఎందుకో చెప్పను, నువ్వే పట్టుకో.

నీ బామ్మర్ది

*

షాపు,
ఆగస్టు 14

మాస్టారికి,

పెద్దమ్మాయికి పురుడొచ్చే రోజులు. మీ అక్క సాయానికి వెళ్లి పది రోజులైంది, ఇంకో నెల రాదు. పొయ్యి దగ్గర నా పరిస్థితి చూస్తే నీకే జాలేస్తుంది.

నీ పాటలు విన్నాను. నాలుగూ నాలుగు రత్నాలు. ఒకదాన్ని మించి ఒకటి. గొంతు చక్కగా పలికింది. భావం కూడా బాగా కుదిరింది. మూడోదాని మీద అనుమానం పెట్టుకోకు, అదే అన్నిట్లోకీ మిన్న. ఇలాగే కొనసాగించు.

షాపులో పాత ఫిడేలు ఒకటొచ్చింది. లోపల పై చెక్కని మోసే గూటం కదిలింది. రెండు రోజులు తంటాలుపడి నిలబెట్టాను. ఆ చెక్క ఎనభై ఏళ్ల నాటిది, గోరు దిగదు.

బావ

*

మేడమీద గది,
ఆగస్టు 28

బావకి,

మూడో క్యాసెట్ పంపిస్తున్నాను. ఇందులో ఒకటే ఉంది, కాస్త పొడుగు. ఎనిమిదో తరగతి రోజుల నుంచీ నా మనసులో ఉన్నది. తొందరేం లేదు. కుదురుగా కూర్చుని విని, ఉన్నదున్నట్టు రాయి.

నీ బామ్మర్ది

*

షాపు,
సెప్టెంబరు 9

మాస్టారికి,

విన్నాను. మొదట్లో కొంచెం నెమ్మదిగా నడిచినా పోనుపోను బాగా అందుకున్నావు. మధ్యలో మనసుకి హత్తుకుంది. ఆఖరి చరణం కాస్త సాగింది, కత్తిరిస్తే ఇంకా పదునెక్కుతుంది. మొత్తం మీద నువ్వు కట్టిన పాటలన్నిట్లోకీ లోతైనది ఇదే. హాలులో దీన్ని ఆఖర్న పాడు. జనం కళ్లు తుడుచుకుంటూ వెళ్తారు.

ఇక ఆ అమ్మాయికి సరేనని చెప్పెయ్. నా మాట కావాలన్నావు, ఇదిగో ఇచ్చాను.

బావ

*

మేడమీద గది,
సెప్టెంబరు 14

బావకి,

మూడో క్యాసెట్లో ఉన్నది పాట కాదు. జీర్ణవ్యవస్థ. ఎనిమిదో తరగతి, నాలుగో పాఠం. నోటి దగ్గర మొదలుపెట్టి పెద్దపేగు దాకా నలభై నిమిషాలు చెప్పాను. చిన్నపేగు పొడవు ఆరు మీటర్లని రెండుసార్లు చెప్పాను. నీకు మనసుకి హత్తుకున్నది అదేనేమో.

పక్కవాడి పేపర్లో చూసి రాసేవాణ్ణి ఎలా పట్టుకోవాలో మా మాస్టర్లందరికీ తెలుసు. పక్కవాడు బడికి రాని రోజు వీడి జవాబు చూస్తే చాలు. మొదటి క్యాసెట్ గురించి రాసిన ఉత్తరంలో ప్రతి ముక్కా విన్న మనిషి రాసిందే. అక్క ఊరెళ్లాక వచ్చింది చూడు, "భావం బాగా కుదిరింది", "ఇలాగే కొనసాగించు"! పుస్తకం తెరవనివాడు రాసే జవాబులు ఇవే. ముప్ఫై ఒక్క ఏళ్లు దిద్దాను వీటిని.

అంటే అప్పుడు విన్నది అక్క. నీకు పది నిమిషాలు కూర్చుని వినే తీరిక కూడా లేదు. నా కాళ్లకి నువ్వు అడ్డం పడ్డావని ఏనాడూ అనలేదు. ఒక్క మాట నిజం చెప్పమన్నాను. నచ్చలేదంటే సరిపోయేదానికి ఇంత నాటకం ఎందుకు?

రేపో మాపో ఆ అమ్మాయికి వద్దని చెప్పేస్తాను. గిటారు బాగుచేసినందుకు థాంక్స్.

*

పెద్దమ్మాయి ఇల్లు,
సెప్టెంబరు 20

ఒరేయ్,

పెద్దదానికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. నీకు చెప్పాల్సిన మొదటి సంగతి ఇది కావాలి, కానీ నువ్వు కానిచ్చావా?

మీ బావ నీ ఉత్తరాన్ని కవరులో పెట్టి నాకు పంపించారు. తన మాటగా ఒక్క అక్షరం రాయలేదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన ఏమీ రాయకుండా నాకు కవరు పంపడం ఇదే మొదలు.

మీ బావకి వినపడదురా. మూడేళ్లయింది. నువ్వు మా గడప తొక్కి నాలుగేళ్లు, నీకెలా తెలుస్తుంది? ఎడమ చెవి ముందు పోయింది, ఆర్నెల్లకి కుడిది. నరం ఎండిపోయిందన్నాడు డాక్టరు. చెవి మిషను పెడితే తుఫాను హోరు తప్ప మాట రాదు. మూలన పడేశారు. పిల్లలకి చెప్పొద్దన్నారు. వాళ్లేమో నాన్నకి పరధ్యానం ఎక్కువైందనుకుంటున్నారు. షాపుకొచ్చేవాళ్లు పొగరనుకుంటున్నారు. పెదాలు చూసి సగం, నన్ను చూసి సగం నెట్టుకొస్తున్నారు. రంపం మిషనూ లేదు, పాడూ లేదు. పక్కనున్నది దర్జీ కొట్టు.

నీ మొదటి క్యాసెట్ నేనే విన్నాను, అవును. నేను చెప్తుంటే ఆయన కాగితం మీద రాసుకునేవారు. "ఊపిరి వినపడిందా? ఎక్కడ? వాడి గొంతు వణికిందా?" అని నన్ను పీక్కుతిన్నారు. గంట పాట బాగాలేదని చెప్పాను నేను. క్లాసులో పాఠం చెప్పినట్టుందన్నాను. ఆయన బాగుందని రాశారు. ఆ పూట మేమిద్దరం మాట్లాడుకోలేదు.

నువ్వు మూడోది పంపినప్పుడు ఇంట్లో ఆయన ఒక్కరే. నాకు తెలుసు ఏం చేసి ఉంటారో. టేపు రికార్డరు ఒళ్లో పెట్టుకుని, అరచెయ్యి దాని మీద ఆనించి, క్యాసెట్ తిరిగినంతసేపూ అలాగే కూర్చుని ఉంటారు. నీ పేగుల పాఠానికి. సిగ్గుందా నీకు?

"ఏం బావా, వినపడటం లేదా?" అని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది? మనిషిని అడగాలిరా, పరీక్ష పెట్టడం కాదు.

అక్క

*

మేడమీద గది,
సెప్టెంబరు 26

బావా,

ఈ ఉత్తరం ఐదుసార్లు రాసి చింపాను. ఇదైనా పంపుతానో లేదో తెలీదు.

తప్పు చేశాను. తెలీక చేశానని అనను. అనుమానం వచ్చినప్పుడు నాకు బాధ కంటే ముందు హుషారొచ్చింది. పట్టేశాను అనే హుషారు. టేపులో పాఠం చెప్తూ నవ్వు ఆపుకున్నాను కూడా. నలభై నిమిషాలు నవ్వు ఆపుకుంటూ నిన్ను మోసం చేశాను.

అక్క ఉత్తరం చదివాక ఒక పిల్లాడు గుర్తొచ్చాడు. పక్కవాడి పేపర్లో చూసి రాస్తున్నాడని నలుగురిలో నిలబెట్టి గట్టిగా అరిచాను. మరుసటి ఏడాది కళ్లజోడుతో వచ్చాడు. వాడికి బోర్డు కనపడేది కాదని అప్పుడు కూడా నాకు తట్టలేదు. బుద్ధి తెచ్చుకున్నాడు, శ్రద్ధగా చదువుతున్నాడు అనుకున్నాను. ఇలా ఇంకెంతమందో.

అమ్మాయికి ఇంకా ఏమీ చెప్పలేదు. వద్దని చెప్పడానికి రెండుసార్లు హాలు దాకా వెళ్లాను. ఒకసారి తాళం వేసి ఉంది, రెండోసారి తీసే ఉంది.

నన్ను నాలుగు తిట్టు బావా. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ బామ్మర్ది

*

షాపు,
అక్టోబరు 3

ఒరేయ్,

తిట్టడానికి మీ అక్క ఉంది. ఆవిడ మిగిల్చింది ఏమైనా ఉంటే అప్పుడు చూద్దాం.

నేను అబద్ధమాడాను. నువ్వు పట్టుకున్నావు. అక్కడికి చెల్లు. కానీ ఎందుకాడానో రాస్తాను, ఒక్కసారే రాస్తాను.

నీ పాటల్లో మనుషులు లేరన్న రోజు నాకు బాగా గుర్తుంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. మధ్యాహ్నం మూడైంది. నువ్వు ఒకే చరణం పద్దెనిమిదోసారి పాడుతున్నావు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. ఆ మాట అబద్ధం కాదు, అప్పుడు నాకు వినపడింది అదే. కానీ కడుపు నిండి ఉంటే అలా మొహం మీద కొట్టేవాణ్ణి కాదు. "పద, తినొచ్చి ఇంకోసారి చూద్దాం" అనేవాణ్ణి. నువ్వు మరుసటి వారం దరఖాస్తు పెట్టావని తెలిసి, ఉడుకుమోతుతనం, నాలుగు రోజుల్లో దిగుతుందిలే అనుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లు పట్టింది. ఆకలి మీద అన్న ఒక మాటకి ఒక మనిషి అన్నేళ్లు నోరు కట్టేసుకుంటాడని ఎవడనుకుంటాడు?

మేలో నీ ఉత్తరం చూసి భయమేసింది. మళ్లీ నా మాటే కావాలన్నావు. వినపడదని చెప్తే పాడటం మానేస్తావు. బాగాలేదంటే మానేస్తావు. ఇంక నాకు మిగిలింది ఒక్కటే, బాగుందనడం. మీ అక్క ఉన్నన్నాళ్లూ ఆ బండి నడిచింది. తర్వాత బోల్తా పడింది.

ఇంకో సంగతి. నీ నోటి నుంచి నేను ఆఖరుగా విన్నది ఆ పద్దెనిమిదోసారి చరణమే. కొత్తవి ఇక వినను. చెయ్యి ఆనిస్తే చెక్క అదురుతుంది, అంతే. అది దెబ్బల చప్పుడైనా ఒకటే, పాటైనా ఒకటే, పేగులైనా ఒకటే. ఈ సంగతి రాయడానికి మూడు నెలలు చెయ్యి రాలేదు. మొదటి క్యాసెట్ వచ్చిన రోజు ఏడ్చాను. మీ అక్క చూడలేదు, దానికి చెప్పకు.

ఇక నన్ను అడక్కు. నేను చెప్పను. అడగాల్సిన చోట అడుగు, లేదా ఎవర్నీ అడక్కుండా పాడు. గంట పాట సంగతి మాత్రం మీ అక్క చెప్పిందే రైటు.

బావ

*

మేడమీద గది,
అక్టోబరు 9

బావకి,

ఈ పొద్దున హాలుకెళ్లి సరేనని చెప్పాను. ఆ అమ్మాయి వెంటనే తారీకు వేసుకుంది, నవంబరు ఇరవై మూడు. "మీ జడ్జీగారు ఒప్పుకున్నారన్నమాట" అంది. "లేదు, తీర్పు చెప్పనన్నారు" అన్నాను. "మరి?" అంది. పెన్ను మూత పెట్టుకుని లేచాను.

భయంగా ఉంది బావా. అబద్ధమెందుకు, మెట్లు దిగుతుంటే వెనక్కెళ్లి రద్దు చేద్దామా అనిపించింది.

గంట పాట తీసేశాను. దాని బదులు వేరేది కడుతున్నాను, ఇంకా కుదరలేదు.

మొదటి వరసలో మూడో కుర్చీ నీది, నాలుగోది అక్కది. వినపడకపోయినా రా. నువ్వు ఎదురుగా ఉంటే నాకు ధైర్యం.

నీ బామ్మర్ది

*

షాపు,
అక్టోబరు 20

మాస్టారికి,

చూద్దాం. తీగలు ఓ సెట్టు పంపిస్తున్నాను. ప్రోగ్రాముకి రెండు రోజుల ముందు మార్చుకో, ఆ రోజే మారిస్తే సాగుతాయి.

బావ

*

మేడమీద గది,
నవంబరు 24

బావకి,

నిన్న పాడాను.

తొంభై మందికి పైగా వచ్చారు. సగం మంది నా పాత పిల్లలే. వాళ్ల పక్కన వాళ్ల పిల్లలు. మొదటి పాట ముందు వివరణ మొదలెట్టబోయి, నోరు తెరిచి, ఆపేశాను. నేరుగా తీగ మీటాను. మొదటిదీ రెండోదీ బిగుసుకుపోయి పాడాను, నాకే తెలుస్తోంది. జనం మర్యాదగా విన్నారు. రోలరు పాట దగ్గర కాస్త కుదుటపడ్డాను.

ఇస్త్రీ పాటలో మూడో చరణం మర్చిపోయాను. మొత్తం ఎగిరిపోయింది. నాలుగు తిప్పులు గిటారు ఒక్కటే వాయించాను. చరణం రాలేదు. చెమట కళ్లలోకి దిగింది. అప్పుడు మా బడి ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ జేబుల్లో దొరికిన చిల్లర తిరిగిచ్చేది, అది గుర్తొచ్చింది. అప్పటికప్పుడు అదే పాడేశాను. ఏం మాటలు పాడానో ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేదు. హాలు అమ్మాయి రాసుకుందట, ఇస్తానంది. ఎవరో ముసలాయన లేచి నిలబడి, ఎందుకు లేచాడో తెలీనట్టు చుట్టూ చూసి కూర్చున్నాడు. ఆ తర్వాత పాటలన్నీ వాటంతట అవే నడిచాయి. కొత్తగా కట్టినది ఆఖర్న పాడాను, సరిగ్గా కుదరలేదు, మధ్యలో రెండుసార్లు శ్రుతి జారింది. అయినా ఇంకోటి పాడమన్నారు, ఇంకోటి లేదన్నాను.

ఇక అసలు సంగతి. చెప్పకుండా ఉండొచ్చు, కానీ మన మధ్య దాపరికాలు చాలనిపిస్తోంది.

గదికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది, మూడో కుర్చీ వైపు నేను ఒక్కసారి కూడా చూడలేదని. నువ్వొచ్చావో రాలేదో నాకు తెలీదు. కార్యక్రమం అయ్యాక జనం చుట్టూ మూగారు, మీ ఇద్దరినీ వెతకాలని కూడా తట్టలేదు. పాడుతున్నంతసేపూ నువ్వు నాకు గుర్తే రాలేదు బావా. నీ కోసమని కుర్చీ వేయించి, నిన్నే మర్చిపోయాను. సిగ్గుగా ఉంది. సంతోషంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నా సైన్సులో లేదు.

వచ్చావా?

నీ బామ్మర్ది

*

షాపు,
నవంబరు 30

ఒరేయ్,

రాలేదు.

బయల్దేరాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మీ అక్క కొత్త చీర కట్టింది. టికెట్లు కొని బస్టాండులో కూర్చున్నాం. కూర్చున్నాక ఆలోచనొచ్చింది. నేను ఆ కుర్చీలో ఉంటే నువ్వు ప్రతి చరణానికీ నా మొహం చూస్తావు. చిన్నప్పటి నుంచీ అంతే కదా. మనం కలిసి పాడిన రోజుల్లో నా వైపు చూడకుండా నువ్వు ఒక్క పాట ముగించింది లేదు. నేను కనుబొమ్మ ఎగరేస్తే గొంతు పెంచేవాడివి, తల దించితే ఆపేసేవాడివి. వినపడనివాడి మొహం చూసి నువ్వు ఏం తెలుసుకుంటావు? ఎక్కడ తాళం తప్పి తలాడిస్తానో, ఎక్కడ దిక్కులు చూస్తానో. నీ పాటని నా మొహమే పాడుచేస్తుంది. బస్సొచ్చింది, వెళ్లిపోయింది. నేను లేచి ఇంటికొచ్చాను.

మీ అక్క నా వెనకాలే వచ్చింది. వారం నుంచీ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడినా నాకు తేడా తెలీదని రాసి చూపిస్తే ఇంకా మండిపడింది. నువ్వే ఏదో సర్దిచెప్పాలి.

నీ ఉత్తరం నిన్నొచ్చింది. పాడుతున్నంతసేపూ నేను గుర్తురాలేదని రాశావే, అక్కడ ఆగిపోయాను. మొదట కాస్త కష్టంగానే తోచింది. ముప్ఫై ఏళ్లు వీడి నెత్తి మీద నేను కూర్చున్నాననుకుంటే, ఒక్క సాయంత్రంలో దించేశాడే అనిపించింది. షాపులో అటూ ఇటూ తిరిగాను. ఫిడేలు ఒకటి బిగిస్తూ వదిలేసి మళ్లీ తీసి చదివాను.

మేలో నా మాట కావాలన్నావు. నేను చెప్పనన్నాను. ఇప్పుడు చెప్తున్నాను. మీ అక్కని అడగలేదు, ఎవర్నీ అడగలేదు, ఇది నా మాట. చరణం ఎగిరిపోయి, చెమట కళ్లలోకి దిగుతున్నప్పుడు కూడా నువ్వు నా కోసం చూడలేదు. ఇస్త్రీ ఆవిడ కోసం చూశావు.

పాటలు బాగున్నాయిరా.

బావ